తిరువయ్యారులో వాన – వారసత్వ సమస్య

పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు వెళ్ళివచ్చానని చెప్పగానే మన మిత్రులొకరు నవ్వారు. "ఇక రామకోటి రాయడమే మిగిలింది మాస్టారూ!" అన్నారు. సంగీతం బాగా తెలిసిన మరొక పెద్దాయన మాత్రం, "అక్కడి ముచ్చటను రాజకీయాల్లోకి లాగకండి, నాదానికి వర్గాలు లేవు" అని హెచ్చరించారు. ఈ రెండు మాటలూ నాకు సరిపడలేదు. మొదటిది చూడకుండానే తీర్పు చెప్పడం. రెండవది చూసి కూడా చూడలేదనడం. ఈ ఇద్దరికీ జవాబు చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం. ఆ జవాబులో ఎక్కువ భాగం పుస్తకాల్లో దొరికింది కాదు. ఆనాడు అక్కడ వేళ కాని వేళ కురిసిన వాన చెప్పింది.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నేను బయలుదేరేనాటికే నా వ్యాసం మనసులో సగం రాసి పెట్టుకున్నాను. ఆరాధన అనేది భూస్వామ్య సంస్కృతి శేషం. భక్తి పేరిట ఒక కులం, ఒక తరగతి తన సొత్తును ఏటా ఒకసారి లెక్కచూసుకొనే వేడుక – ఇదీ నా నిర్ణయం. ఇక మిగిలింది ఉదాహరణలు ఏరుకోవడమే. ఇటువంటి విమర్శ మనలో కొత్తది కాదు. నిర్ణయం ముందు, పరిశీలన తరువాత! ఈ అలవాటువల్ల మన పత్రికల్లో ఎన్ని మంచి వ్యాసాలు పుట్టకుండానే పోయాయో చెప్పలేము.

త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవితమంతా గడిపి, 1847 జనవరి 6న కన్నుమూశాడు. తంజావూరికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున ఆయన సమాధి ఉన్నది. ఏటా ఆ తిథినాడు గాయకులూ వాద్యకులూ అక్కడ గుమికూడి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని పంచరత్న కృతులను గోష్ఠిగా పాడుతారు. టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు. పందిరి కింద నేలమీద కూర్చోవాలి. పక్కనే నది. చెన్నపట్నం సభల చల్లని హాళ్ళతో పోలిస్తే ఇది ఆరుబయలే.

ఆ రోజుల్లో అక్కడ వాన పడదని భూగోళశాస్త్రం చెబుతుంది. ఈశాన్య ఋతుపవనం అక్టోబరులో మొదలై డిసెంబరుతో సన్నగిల్లుతుంది. జనవరిలో మంచే తప్ప వాన ఉండకూడదు. ఈ లెక్కమీదే డెల్టా రైతు సాంబా పంట వేస్తాడు. వర్షాకాలంలో ఎదిగిన వరి జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోతకు వస్తుంది. కాని బంగాళాఖాతం భూగోళశాస్త్రం చదువుకోలేదు. జనవరిలో కూడా అక్కడ అల్పపీడనం పుడుతుంది, పండిన చేలమీద వాన కురుస్తుంది. నేను వెళ్ళిన ఏడు సరిగ్గా అదే జరిగింది.

తంజావూరులో తెల్లవారుజామున బస్సెక్కేసరికే జల్లు మొదలయింది. కిటికీకి అటూ ఇటూ వరిచేలు. నిన్నటిదాకా నిలబడ్డ చేను నేలకు ఒరిగి, వెన్నులు నీళ్ళను తాకుతున్నవి. నా పక్కన కూర్చున్న ముసలి రైతు నా సంచీ చూసి, "ఆరాధనకా, అయ్యా?" అని అడిగాడు. ఔనన్నాను. నా అరకొర తమిళంలో పంట సంగతి అడిగాను. నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాడట. కోతయంత్రం రేపు రావలసి ఉందట. "తడిచేలో యంత్రం దిగదయ్యా. దిగినా, కోసిన ధాన్యం కొనుగోలు కేంద్రంవాళ్ళు తీసుకోరు" అన్నాడు. తేమ నూటికి 17 పాళ్ళు దాటితే కొనకూడదని నిబంధన. ఆరబోయడానికి ఎండ కావాలి. ఎండ లేదు. "పాడుకోండి సామీ, మంచిదే. ఈ వాన రెండు రోజులు ఆగి వచ్చినా మేము బతికేవాళ్ళం" అన్నాడు. ఆ మాటలో నిష్ఠురం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పందిరి చేరేసరికి లోపల చోటు లేదు. నేను అంచున కూర్చున్నాను. నాటరాగ కృతి మొదలయింది. మధ్యలో విద్వాంసులు, విదుషీమణులు ఎదురెదురు వరసలు, వెనుక శిష్యులు, ఆ వెనుక మావంటి జనం. వాన పెరిగింది. నా ముందు కూర్చున్న పట్టుచీర కట్టుకున్న పెద్దామె ఆకాశం వైపు చూసి, కళ్ళనీళ్ళతో, "త్యాగయ్యవారి ఆశీర్వాదం!" అన్నది. పక్కవాళ్ళు తలలూపారు. దీక్షితులవారు ఎట్టయపురం దారిలో అమృతవర్షిణి పాడి వాన కురిపించిన ఐతిహ్యాన్ని ఒకాయన గుర్తుచేశాడు. అంతకు గంట ముందు బస్సులో విన్న మాట నా చెవిలో ఇంకా ఉన్నది. ఒకే వాన: ఇక్కడ ఆశీర్వాదం, ఫర్లాంగు దూరంలో సర్వనాశనం. ఆ పెద్దామె మనసు మంచిది కాదని నేను అనను. ఆమె కన్నీరు నిజమైనదే. కాని ఆ కన్నీటికీ ఆ చేనుకూ మధ్య ఒక గోడ ఉన్నది. దానిని ఆమె కట్టలేదు; అది ఉందని కూడా ఆమెకు తెలియదు. సంగీతానికి వర్గాలు లేవన్న మా పెద్దాయనకు నా మొదటి జవాబు ఇది. రాగానికి వర్గం లేకపోవచ్చు. ఆ రాగం వింటూ వానను ఏమని పిలుస్తామో, ఆ పేరుకు మాత్రం వర్గం ఉన్నది.

ఇంతవరకు నేను వెంట తీసుకుపోయిన వ్యాసానికి బలమే చేకూరింది. ఆ తరువాత జరిగినది దానికి అడ్డం వచ్చింది.

గౌళ కృతి సగంలో ఉండగా మా వైపున్న లౌడుస్పీకరు తడిసి మూగబోయింది. రేకులమీద వాన చప్పుడు. మధ్య వరసల విద్వాంసుల గొంతులు మాకు వినబడడం మానివేశాయి. ఇక మా అంచున పాట ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు! నా చుట్టూ ఉన్నవాళ్ళు పాడుతూనే ఉన్నారు. అంతవరకు స్పీకరు హోరులో వాళ్ళ గొంతులున్నాయని నేను గమనించనేలేదు. ఒక గుమాస్తా వంటి మనిషి, ఇద్దరు కాలేజీ పిల్లలు, చంకలో బిడ్డతో ఒక తల్లి, మెడకు గుడ్డ చుట్టుకున్న ముసలాయన. పేరున్న గాయకుడు ఒక్కడూ లేడు. వినబడని మధ్యవరసతో లయ తప్పకుండా వీళ్ళను పట్టి ఉంచింది చేతులు. తొడమీద పడే దెబ్బ ఒకరినుంచి ఒకరికి చూపుతో అందుతూ, వానలో ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చింది. స్పీకరు మళ్ళీ మేలుకొనేసరికి మావాళ్ళు మధ్యవరసకు ఒక అక్షరం ముందో వెనుకో ఉన్నారు, అంతే. రెండు ఆవర్తాల్లో కలిసిపోయారు.

ఇది నేను ఊహించని సంగతి. శ్రోతలనుకున్నవాళ్ళు శ్రోతలు కారు, పాడేవాళ్ళు. సభాసంగీతంలో ఒకడు పాడితే వందమంది వింటారు; డబ్బిచ్చి కొన్న వినికిడి అది. ఇక్కడ, కనీసం ఆ గంటసేపు, ఆ వ్యాపారం లేదు. ఇంతమంది సామాన్యులు కష్టమైన చరణాలను, చిట్టస్వరాలను కంఠస్థం చేసి, ఎవరి మెప్పూ ఆశించక, తడుస్తూ పాడడాన్ని "భూస్వామ్య శేషం" అన్న రెండు మాటల్లో మూటకట్టి పారవేయగలనా? నావల్ల కాలేదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. నా చుట్టూ ఉన్నవాళ్ళు తమిళులు. వాళ్ళు పాడుతున్నది తెలుగు. నేను తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి. పల్లవులు దాటితే నాకు ఒక్క చరణమూ నోటికి రాలేదు! తమిళులు త్యాగరాజు తెలుగును ఖూనీ చేస్తున్నారని మనవాళ్ళు తరచు వాపోతుంటారు. నేనూ వాపోయినవాణ్ణే. ఉచ్చారణ దోషాలు ఆనాడూ విన్నాను. కాని, తప్పుగానైనా నిలుపుకున్నవాడిది తప్పా, ఒప్పుగా మరచిపోయినవాడిది తప్పా? పైగా ఈ తెలుగు ఆ డెల్టాకు ఎలా చేరిందో గుర్తుంచుకోవాలి. తంజావూరు నాయకరాజుల ఆస్థానం తెలుగు మాట్లాడింది. తరువాత వచ్చిన మరాఠారాజులు ఆ సంప్రదాయాన్ని పోషించారు. కావేరి నీటితో పండిన మిగులు ఆస్థానాలను, అగ్రహారాలను, ఆలయాలను మోసింది. రాజులు మారారు, రాజభాషలు మారాయి; నాటు వేసిన చేతులు మాత్రం మారలేదు. అవి ఎప్పుడూ తమిళం మాట్లాడే చేతులే. 1943లో మదరాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడి, తమిళగడ్డమీద తమిళపాటకు చోటేదని అడిగినప్పుడు మనవాళ్ళు కొందరు నొచ్చుకున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. తన అన్నంతో పెరిగిన కళలో తన మాట వినబడాలని కోరుకోవడం ద్వేషం కాదు.

ఇక పాట సంగతి. మా స్పీకరు మూగబోయినప్పుడు పాడుతున్న గౌళ కృతి అర్థం తెలిసినవాళ్ళకు ఒక వింత తోచక మానదు. అది ఆద్యంతం ఆత్మవిమర్శ. కవి తన నేరాలను వరసగా ఏకరువు పెట్టుకుంటాడు: పరుల సొమ్ముకు, సుఖానికి వెంపరలాడినందుకు, పొట్టకోసం కాలం వ్యర్థపుచ్చినందుకు, స్వరలయల జ్ఞానం లేకనే తన్ను మహాభక్తులతో సమానంగా ఎంచుకున్నందుకు. ఏమీ తెలియని నటులకు, విటులకు, స్త్రీలకు బోధలు చేసి వారిని లోబరచుకొని సంతోషించానని కూడా అంటాడు. ఇది గొప్ప నిజాయితీ. కాని ఈ నిజాయితీలోనే ఆ కాలపు హద్దు కనబడుతుంది: స్త్రీలూ నటులూ ఆ పట్టికలో చేరింది తెలియనివారి లెక్కలో! ఆ చరణాన్ని ఎదుటి వరసలోని స్త్రీలు శ్రుతి తప్పకుండా పాడుతున్నారు. ఆ వరసలో వాళ్ళెలా కూర్చోగలిగారో చరిత్ర చెబుతుంది.

ఆ సమాధికి ఈనాటి రూపం ఇచ్చింది ఒక దేవదాసి. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో పుట్టింది. శిథిలమైపోయిన సమాధి సంగతి గురువుగారివల్ల తెలుసుకొని, తన ఆస్తిని ధారపోసి అక్కడ గుడి కట్టించింది. ప్రతిష్ఠ కూడా జరిగింది. ఐతే ఆమె సొమ్ముతో లేచిన గుడి ముందు ఆమె పాడడానికి వీలులేకపోయింది! ఆరాధన జరిపే పురుషుల వర్గాలు రెండుగా చీలి పోట్లాడుకుంటున్నాయి. స్త్రీలకు చోటివ్వరాదన్న విషయంలో మాత్రం వాటికి పేచీ లేదు. ఆమె స్త్రీల చేత వేరుగా ఆరాధన జరిపించింది. 1940ల తొలినాళ్ళలో వర్గాలు ఒక్కటైన తరువాతనే ఈనాడు మనం చూసే కూడిక ఏర్పడింది. 1952లో ఆమె మరణించింది. ఆమె సమాధి కూడా అక్కడే, త్యాగరాజు గుడికి ఎదురుగా ఉన్నది.

ఈ నాగరత్నమ్మే 1910లో ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను పరిష్కరించి వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించింది. ముద్దుపళని కూడా తంజావూరు మనిషే, ప్రతాపసింహుని ఆస్థానపు విదుషి. ఆమె కావ్యాన్ని స్త్రీలు వినరానిదని వీరేశలింగం పంతులుగారు నిందిస్తే, పురుష కవులు అంతకన్న పచ్చిగా రాసినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు వచ్చిందని నాగరత్నమ్మ ఎదురు ప్రశ్న వేసింది. ఆంగ్ల ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ప్రకాశం పంతులుగారి చొరవతోగాని ఆ నిషేధం తొలగలేదు. మన సంస్కర్త పొరబడిన చోట ఒక దేవదాసి సరిగా నిలబడింది. మన సాహిత్య చరిత్రలు ఈ ముక్కను మెత్తగా దాటవేస్తూ వచ్చాయి. కాబట్టి తిరువయ్యారు కేవలం భూస్వామ్య వర్గపు సొత్తు అనడం కూడా చరిత్రకు ద్రోహమే. అక్కడ పోరాటం జరిగింది. పాడే హక్కుకోసం జరిగింది. కొంత గెలిచింది.

ఎంత గెలిచింది? ఇది మొదటి మిత్రుడు అడగవలసిన ప్రశ్న, నేనే అడుగుతాను. ఉదయం ఆరాధనకు ముందు నాదస్వరం మోగింది. ఆరుబయట, వానలో, ఏ యంత్రమూ అవసరం లేకుండా అరమైలు వినబడే వాద్యం ఇది. దానినీ డోలునూ వీధుల కోసం, ఊరేగింపుల కోసం చేశారు. వాయించేవాళ్ళు తరతరాలుగా నడుస్తూ, నిలబడి, ఎండనూ వాననూ నెత్తిన పట్టి వాయించారు. నీడలో కూర్చుని పాడే సంగీతానికి "శాస్త్రం" అన్న గౌరవం, ఎండలో నడిచి వాయించే సంగీతానికి "మంగళవాద్యం" అన్న మర్యాద! మంగళమంటే మొదట పిలిచి, ఆ తరువాత మరచిపోవడమని లోకరీతి. వాతావరణం ఎవరి నెత్తిన పడుతుందో చూస్తే కళల్లోని అంతస్తులు ఇట్టే తెలిసిపోతాయి. రాగాలాపనలో ఎంతమంది గాత్రవిద్వాంసులు నాదస్వరానికి ఋణపడ్డారో వాళ్ళే చెప్పుకున్నారు. ఋణం తీర్చడం వేరే సంగతి.

నాదస్వరం వాయించేవాడు కనీసం పందిరి దాకా వచ్చాడు. నాటు వేసేవాడు? ఆరభి కృతి నడుస్తుండగా గడ్డిమోపులు బయట దింపి నలుగురు కూలి ఆడవాళ్ళు వాన తప్పించుకోవడానికి మా అంచుకు వచ్చి నిలబడ్డారు. జనం సర్దుకొని చోటిచ్చారు. ఎవరూ కసరలేదు, అది నిజం. ఒకామె నావైపు వంగి, "ఎప్పుడు ఆగుతుంది అయ్యా?" అని అడిగింది. ఇంకా రెండు కృతులున్నాయని చెప్పాను. ఆమె అయోమయంగా చూసి, చేయి చాపి ఆకాశం చూపింది. ఆమె అడిగింది వాన సంగతి!

ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గును ఇక్కడ వర్ణించను. కాని దానికొక అర్థముంది. నేను కూడా గోడకు ఇవతలివాణ్ణే. పట్టుచీర పెద్దామెను గురించి ఇంతకుముందు రాసిన మాటలు నాకూ వర్తిస్తాయి. గౌళ కృతిలోని ఆత్మవిమర్శను వేలమంది గొంతు కలిపి పాడుతుంటే ఎవరికి వారు అది పక్కవాడి సంగతి అనుకున్నట్టే, నేనూ అనుకున్నాను. ఆత్మవిమర్శ అన్న మాట మన సమావేశాల్లోనూ ఎంతగా వినబడుతుందో పాఠకులకు తెలుసు. మనం కూడా దానిని గోష్ఠిగానే పాడుతాము.

ఆ కూలి ఆడవాళ్ళ చరిత్ర ఈ డెల్టా చరిత్రే. 1968 డిసెంబరు 25 రాత్రి, త్యాగరాజు పుట్టిన తిరువారూరుకు ఎంతో దూరం కాని కీళ్‌వెణ్మణిలో, కూలి పెంచమని సంఘం పెట్టిన నేరానికి, 44 మంది దళితులను ఒక గుడిసెలో పెట్టి తగులబెట్టారు. స్త్రీలూ పిల్లలూ ముసలివాళ్ళే ఎక్కువ. కేసు హైకోర్టుదాకా పోయాక భూస్వాములు నిర్దోషులుగా బయటపడ్డారు. అది చెన్నపట్నంలో సంగీతోత్సవాలు జరిగే నెల. ఏ పాటా ఆ మంటకు కారణం కాదు; అటువంటి చవక వాదం నేను చేయను. కాని ఆ పాటను పోషించిన పొలం, ఆ గుడిసె కాలిన పొలం ఒకే కాలువ నీళ్ళు తాగాయి. త్యాగరాజు ఆస్థానానికి పోలేదు, ఉంఛవృత్తితో బతికాడు. రాజు పంపిన కానుకలను తిరస్కరించాడన్న కథను మనం గర్వంగా చెప్పుకుంటాము, చెప్పుకోవలసిందే. ఐతే ఆయన పాత్రలో గృహిణులు పోసిన గుప్పెడు బియ్యం కూడా ఆ చేతులు పండించినవే. ఆయనకు వారితో శత్రుత్వం లేదు. వారు ఆయన లోకంలో లేరు, అంతే. గొప్ప కళాకారుని హద్దు ఇక్కడ ఉన్నది. దానిని చెప్పడం ఆయనను తగ్గించడం కాదు.

మరి మన కర్తవ్యమేమిటి? చెన్నైలోని ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే జాలరిపేటలో గాయకుడు టి. ఎం. కృష్ణ, ఆయన మిత్రులు ఆరుబయట ఒక కళోత్సవం మొదలుపెట్టారు. శాస్త్రీయ సంగీతాన్ని సభలనుంచి సముద్రపు ఒడ్డుకు తెచ్చి, పరై మొదలైన వాద్యాల పక్కన కూర్చోబెట్టారు. మంచి ప్రయత్నం. కాని చోటు మార్చినంత మాత్రాన సంబంధం మారదు. జాలరిపేటలో కూడా ఒకడు పాడి వందమంది వింటే, మార్పు సగమే. తిరువయ్యారు అంచున నేను చూసింది మిగిలిన సగం: స్పీకరు ఆగినా ఆగని సామాన్యుల గానం. ఈ రెండూ ఒకచోట కలవాలి.

ఒకప్పుడు మన దగ్గర అవి కలిశాయి. 1943లో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన ఏడే ప్రజానాట్యమండలి కూడా పుట్టింది. నాజర్ బుర్రకథకు జనం చేలగట్లమీద, ఆరుబయట కూర్చున్నారు. వానకు లేచిపోతే మళ్ళీ వచ్చారు. పాట వాళ్ళ బతుకు గురించి కనుక వచ్చారు. ఐతే ఆ పాటలను మనం త్యాగరాజు పాటలంత శ్రద్ధగా నేర్చుకున్నామా? చరణాలు కంఠస్థం చేశామా? ఏటా ఒక రోజు పెట్టుకొని, పిల్లాజెల్లాతో కూర్చుని, తప్పులు దిద్దుకుంటూ పాడామా? లేదు. మనం వాటిని పుస్తకాల్లో భద్రపరచి, సభల్లో ప్రశంసించాము. మొదటి మిత్రునికి నా జవాబు ఇది: నవ్వవలసింది తిరువయ్యారును చూసి కాదు. వాళ్ళ నిష్ఠలో పదోవంతు మనకుంటే, మన పాట ఇంత త్వరగా మూగబోయేది కాదు.

శ్రీరాగ కృతితో గోష్ఠి ముగిసింది. వాన ముగియలేదు. కూలి ఆడవాళ్ళు అంతకుముందే తడుస్తూ వెళ్ళిపోయారు. సాయంత్రం తిరుగు బస్సులో అవే చేలు. ఉదయం ఒరిగిన వరి ఇప్పుడు నీళ్ళలో పడుకొని ఉన్నది. ముసలి రైతు కోతయంత్రం మర్నాడు దిగి ఉండదు. 17 పాళ్ళ నిబంధన ఆయన కోసం సడలిందో లేదో నేను ఊరికి చేరేదాకా వేరే ఎవరినీ అడగలేదు. పంచరత్నాల సంగతి మాత్రం దారిపొడుగునా అందరికీ చెప్పాను. మన విమర్శ ఈ అలవాటును మార్చగలిగితే మార్చాలి. పాట గురించి చెప్పేటప్పుడు చేను గురించి కూడా చెప్పగలగాలి. చేను గురించి చెప్పేవాడు పాటను నేర్చుకోవాలి. మా కళాశాల విద్యార్థులతో ఈ వేసవి సెలవుల్లో రెండూ మొదలుపెట్టాలనుకుంటున్నాను: నాట కృతి మొదటి చరణం, ఒక బుర్రకథ మొదటి ఘట్టం. గొంతు నాకు లేదు. తాళం వేయడం మాత్రం ఆ వానలో కొంత నేర్చుకున్నాను.